పడవ ఆగిపోతే డబ్బు పోయినట్టేనా?



ఉట్నూరు ప్రాంతం నుండి వచ్చిన ఒక ఉత్తరానికి ఈ నెల ఈ శీర్షికలో జవాబు వ్రాస్తున్నాము. ఉత్తరం చిన్నదే గాని, అందులోని సంగతి చిన్నది కాదు. దాని సారాంశం ఇది:

“మా సంఘంలోని కొన్ని కుటుంబాలము కలిసి పాపికొండలు చూడాలని బోటు మాట్లాడుకున్నాము. తలా కొంత వేసుకుని ఇరవై వేల రూపాయలు ముందుగా కట్టాము. తీరా వెళ్ళే రోజుకు గోదావరికి వరద వచ్చి అధికారులు బోట్లు ఆపివేశారు. డబ్బు అడిగితే, వాపసు ఇవ్వడం లేదు, కావాలంటే మళ్ళీ ఎప్పుడైనా రండి అంటున్నారు. ఆ రోజే గట్టిగా పట్టుబడితే తీసుకువెళ్ళేవారేమో, డబ్బు దండగ అయ్యేది కాదు అని మావాళ్ళు కొందరు బాధపడుతున్నారు. మేము ఏమి చేయాలి?”

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. డబ్బు తిరిగి వస్తుందా అన్నది పైకి అడిగిన ప్రశ్న. ఆ రోజు పట్టుబట్టి ఉండవలసిందా అన్నది మనసులోని ప్రశ్న. ముందుగా రెండవదానికే జవాబు చెబుతాము. ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించినది.

పట్టుబట్టకపోవడమే మేలు

2019 సెప్టెంబరు 15, ఆదివారం. తూర్పు గోదావరి జిల్లా గండిపోచమ్మ గుడి దగ్గర నుండి ‘రాయల్ వశిష్ట’ అనే బోటు పాపికొండలకు బయలుదేరింది. అప్పుడు గోదావరి వరదలో ఉంది. ధవళేశ్వరం దగ్గర 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారుతున్నది. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర సుడిగుండాలున్న చోట బోటు మునిగిపోయింది. అందులో డెబ్బై మందికి పైగా ఉండగా 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. వారిని ఒడ్డుకు చేర్చినవారు కచ్చులూరు గ్రామస్థులే. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఎన్నో పాట్లు పడి అక్టోబరు 22న ఆ బోటును నీటిపైకి తీయగలిగింది.

ఆ బోటులో మన ఉత్తర తెలంగాణవారు కూడా ఉన్నారు. కాజీపేట దగ్గరి కడిపికొండ గ్రామం నుండి 14 మంది కలిసి వెళ్ళగా అయిదుగురే తిరిగి వచ్చారు. ఉత్తరం వ్రాసిన కుటుంబాలవంటివే ఆ కుటుంబాలు కూడా. తలా కొంత వేసుకుని, టిఫిను డబ్బాలు సర్దుకుని సంతోషంగా బయలుదేరినవారే.

అంతకు రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12న, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణానదిలో మరొక బోటు తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుండి విహారానికి వచ్చినవారు. అది అనుమతి లేని ప్రైవేటు బోటు.

వాగు పొంగినప్పుడు ఆగడం మన ఉట్నూరు, నార్నూరు, జైనూరు పల్లెలవారికి ఒకరు నేర్పవలసిన పని కాదు. వానకాలంలో వాగు ఒడ్డున బండి ఆపి, నీరు తగ్గేదాకా గంటల తరబడి కూర్చుంటాము. అవతల పెళ్ళి ఉన్నా, సంత ఉన్నా ఆగుతాము. మరి అదే మనిషి పడవ దగ్గరికి వచ్చేసరికి ఆగడానికి ఎందుకు ఇష్టపడడు? వాగు దగ్గర డబ్బు కట్టలేదు, పడవకు కట్టాడు. కట్టిన డబ్బు పోతుందేమో అన్న భయమే మనిషిని తొందరపెడుతుంది. “ఇంత దూరం వచ్చాము, ఎలాగైనా తీసుకువెళ్ళండి” అని బతిమాలిస్తుంది. నలభైమంది ఒక్కసారి అడిగితే, ఆ రోజు బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేని బోటు యజమాని సరే అనవచ్చు. అప్పుడు ఆపే మనిషే ఉండడు.

కాబట్టి డబ్బు వాపసు నియమాలు డబ్బుకు మాత్రమే సంబంధించినవి అనుకోకూడదు. డబ్బు ఎక్కడికీ పోదని తెలిసినవాడు నిబ్బరంగా ఒడ్డున నిలబడగలడు. తెలియనివాడు భయంతో పడవ ఎక్కుతాడు.

నాలుగు సందర్భాలు

ఇక డబ్బు సంగతి. ప్రయాణం జరగకపోవడానికి, సరిగా జరగకపోవడానికి నాలుగు కారణాలుంటాయి. ఒక్కొక్కదానికి లెక్క వేరు.

మొదటిది, మనమే మానుకోవడం. ఇంట్లో జ్వరమో, పొలం పనో వచ్చి మనం వెళ్ళకపోతే తప్పు వారిది కాదు. రద్దుకు ఎంత కోసుకుంటారో రసీదు మీద గాని టిక్కెట్టు వెనుక గాని వ్రాసి ఉంటుంది. ఎంత ముందుగా చెబితే అంత తక్కువ కోత పడడం సాధారణంగా ఉండే పద్ధతి. వెళ్ళడం లేదని తేలిన రోజే చెప్పాలి. బయలుదేరే వేళకు ఫోను చేసి మొత్తం డబ్బు అడగడం న్యాయం కాదు.

రెండవది, వారే రద్దు చేయడం. బోటు చెడిపోయింది, మనుషులు చాలలేదు, వేరే పెద్ద బేరం వచ్చింది అని వారు మానేస్తే మొత్తం డబ్బు మనకు రావాలి. ఇందులో తర్కానికి చోటు లేదు. మరొక తేదీకి వెళ్ళడానికి మనం ఇష్టపడితే అది వేరు. మన మీద రుద్దడం మాత్రం కుదరదు.

మూడవది, వరద, తుఫాను, ప్రభుత్వ ఉత్తర్వు. ఉత్తరం వ్రాసిన కుటుంబాలది ఈ సందర్భమే. ఇక్కడ ఎవరి తప్పూ లేదు. కనుక నష్టపరిహారం అడగడానికి వీలుండకపోవచ్చు. కట్టిన డబ్బు సంగతి అలా కాదు. ఒప్పందం చేసుకున్న తరువాత దానిని నెరవేర్చడం అసాధ్యమైపోతే, ఆ ఒప్పందం కింద ఒకరి నుండి పొందినదానిని తిరిగి ఇచ్చివేయాలని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 65వ సెక్షను చెబుతున్నది. నూట యాభై ఏళ్ళు దాటిన చట్టమది. అయితే ఇటువంటి సమయంలో ఏమి చేయాలో రసీదులోనే షరతు వ్రాసుకుని ఉంటే ముందుగా దానిని చూస్తారు. అందుకే డబ్బు కట్టేటప్పుడే “వరద వచ్చి ఆగిపోతే మా డబ్బు సంగతి ఏమిటి?” అని అడిగి, వారి జవాబును రసీదు మీద వ్రాయించుకోవాలి.

నాలుగవది, ప్రయాణం జరిగింది గాని చెప్పినట్టు జరగలేదు. భోజనం పెడతామని పెట్టలేదు, రెండు చోట్ల ఆపుతామని ఒకచోటే ఆపారు, చెప్పిన బోటు కాక పాత బోటు ఇచ్చారు. ఇటువంటప్పుడు మొత్తం డబ్బు కాదు, జరగని భాగానికి తగిన డబ్బు అడగాలి. అన్నంలో ఉప్పు ఎక్కువైందని ప్రయాణమంతటి డబ్బూ అడిగేవారి మాటను ఎవరూ లెక్క చేయరు. ఆ తరువాత నిజమైన ఫిర్యాదుతో వెళ్ళేవారి మాట కూడా తేలికైపోతుంది.

“ఒకసారి కట్టిన డబ్బు ఎట్టి పరిస్థితులలోనూ తిరిగి ఇవ్వబడదు” అని రసీదు మీద అచ్చు వేసి ఉంటే భయపడకండి. అచ్చు వేసినంత మాత్రాన ప్రతి మాటా చట్టం కాదు. 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019, మనవంటివారికి కొన్ని రక్షణలు ఇచ్చింది. బిల్లు గాని రసీదు గాని ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సేవకు డబ్బును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజులలోగా తిరిగి ఇవ్వకపోవడం కూడా అనుచిత పద్ధతే. ఒకవైపే మొగ్గిన అన్యాయపు ఒప్పందాలను ప్రశ్నించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది.

ఫిర్యాదు చేసే పద్ధతి

కేకలు వేయడం ఫిర్యాదు కాదు. కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రవాడు జీతగాడు. అతనిని తిడితే మన కోపం తీరుతుందేమో గాని డబ్బు రాదు. కాగితం మీద పెట్టిన మాటకే బలం.

మొదట బోటువారికే ఉత్తరం వ్రాయండి. ఇలా వ్రాస్తే సరిపోతుంది:

“అయ్యా, ఫలానా తేదీన మీ వద్ద ఇంతమందికి బోటు మాట్లాడుకుని ఇంత డబ్బు కట్టాము. రసీదు నంబరు ఇది. ఫలానా తేదీన వరద కారణంగా బోటు బయలుదేరలేదు. మేము ఏ సేవా పొందలేదు. వేరే తేదీ మాకు వీలుపడదు. కనుక మేము కట్టిన డబ్బును ఈ ఉత్తరం అందిన 30 రోజులలోగా తిరిగి ఇప్పించవలసినదిగా కోరుతున్నాము.”

ఇంతకంటే పొడవు అక్కరలేదు. ఒక నకలు దాచుకుని పోస్టులో పంపి, పంపిన రసీదు కూడా దాచండి. ఫోనులో డబ్బు పంపి ఉంటే ఆ వివరం కాగితం మీద తీయించి ఉంచండి.

దానికి జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తెలుగులోనూ మాట్లాడవచ్చు. చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి. అక్కడా తీరకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. వెనుకటి రోజులలో దానిని వినియోగదారుల ఫోరం అనేవారు. బోటు యజమాని ఎక్కడో గోదావరి జిల్లాలో ఉన్నాడు, అంత దూరం ఎవరు తిరుగుతారు అన్న దిగులు ఇప్పుడు అక్కరలేదు. ఫిర్యాదు చేసేవారు తాము నివసించే జిల్లాలోనే వేయవచ్చునని 2019 చట్టం చెప్పింది. అంటే ఉట్నూరు వారు ఆదిలాబాదులోనే వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలకు మించకపోతే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. సంగతి జరిగిన రెండేళ్ళలోగా వేయాలి. ఆ గడువును మాత్రం మరచిపోకండి.

పెద్ద ఓడలలోనూ ఇదే తీరు

ఇది పల్లెటూరి బోట్ల బాధ మాత్రమే అనుకోవద్దు. హైదరాబాదులో ఉద్యోగాలు చేసే పిల్లలు ఇప్పుడు అమ్మానాన్నలను సముద్రపు విహార ఓడలు కూడా ఎక్కిస్తున్నారు. విశాఖపట్నంలో అటువంటి ఓడల కోసం 2023 సెప్టెంబరులో ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ప్రారంభించారు. అంతకు ముందు 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే పెద్ద ఓడ విశాఖ నుండి పుదుచ్చేరి, చెన్నై చూపిస్తానని బయలుదేరింది. ఓడలో జూదశాల ఉందన్న అభ్యంతరాల మధ్య పుదుచ్చేరిలో దానికి అనుమతి దొరకలేదు. చూపిస్తామన్న ఊరిలో కాలు పెట్టకుండానే ప్రయాణికులు ముందుకు సాగవలసి వచ్చింది.

అటువంటప్పుడు ఏమి చేయాలి? ఓడ కంపెనీలు తమ షరతులలో “దారి మార్చే హక్కు, రేవు వదిలివేసే హక్కు మాకుంది” అని ముందే వ్రాసుకుంటాయి. రేవు తప్పితే టిక్కెట్టు మొత్తం తిరిగి రావడం అరుదు. ఆ రేవు పేరిట వసూలు చేసిన రుసుము, ఆ ఊరు తిరగడానికి విడిగా కట్టిన డబ్బు అడగవచ్చు. పిల్లలు టిక్కెట్లు తీసేటప్పుడు “రేవు తప్పితే ఏమిస్తారు?” అన్న ఒక్క మాట చూడమని చెప్పండి.

2013 ఫిబ్రవరిలో అమెరికా దగ్గర మెక్సికో సింధుశాఖలో ‘కార్నివాల్ ట్రయంఫ్’ అనే ఓడ ఇంజను గదిలో మంటలు లేచాయి. కరెంటు పోయింది, మరుగుదొడ్లు పనిచేయలేదు. నాలుగువేల మందికి పైగా రోజుల తరబడి ఆ కంపులో గడిపారు. కంపెనీ టిక్కెట్టు డబ్బు మొత్తం తిరిగి ఇచ్చి, పైన ఒక్కొక్కరికి 500 డాలర్లు ఇచ్చింది. ప్రయాణికుల గోల అక్కడితో ఆగలేదు. ఆ ఏడాది మే నెలలో ఓడ కంపెనీల సంఘం ప్రయాణికుల హక్కుల పత్రం ప్రకటించింది. యంత్రం చెడి ప్రయాణం రద్దయితే మొత్తం డబ్బు, మధ్యలో ఆగిపోతే కొంత డబ్బు తిరిగి ఇవ్వాలని అందులో వ్రాశారు. సరిగా చేసిన ఫిర్యాదు మన తరువాత వచ్చేవారికి కూడా మేలు చేస్తుందనడానికి అది సాక్ష్యం.

ఎక్కిన తరువాత మన నడవడి

టిక్కెట్టు కొన్నవారికి హక్కు ఉన్నట్టే బాధ్యత కూడా ఉంది. ఒడ్డున ఉన్నప్పుడు మర్యాద తప్పితే పరువు పోతుంది. నీటి మీద తప్పితే తోటివారి ప్రాణాలకే ముప్పు.

లైఫ్ జాకెట్ ఎక్కే ముందే తొడుక్కుని, దిగిన తరువాతే విప్పాలి. ఉక్కపోస్తున్నదని, కొత్త చీర నలుగుతుందని, ఫోటో బాగా రాదని మధ్యలో విప్పకూడదు. పిల్లలకు పిల్లల కొలత జాకెట్లే అడగండి. పెద్దవారి జాకెట్ నుండి పిల్లవాడు జారిపోతాడు. జాకెట్లు మనుషులకు సరిపడా లేకపోతే ఎక్కవద్దు. ఎంతమందికి అనుమతి ఉందో, తనిఖీ అయిన ధ్రువపత్రం ఉందో లేదో అడగండి. నదులలో తిరిగే యాంత్రిక పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ, బీమా ఉండాలని 2021 నాటి అంతర్గత జలరవాణా నౌకల చట్టం చెబుతున్నది. కనుక అడగడం అమర్యాద కాదు. కడెం జలాశయంలో అరగంట తిరిగే బోటయినా ఇదే మాట.

కొండ కనబడిందని, మొసలి కనబడిందని అందరూ ఒకే పక్కకు పరుగెత్తకూడదు. పడవ ఒరిగేది అలాగే. పెద్దలు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు నడుమ కూర్చోవాలి. యువకులు అంచులమీద కూర్చుని కాళ్ళు వేలాడవేయకూడదు. మద్యం వాసన ఉన్నవాడు పడవ నడుపుతుంటే వెంటనే దిగిపోవాలి. డబ్బు సంగతి తరువాత చూసుకోవచ్చు.

బోటు మొత్తం మనమే మాట్లాడుకుంటే పాటలు పాడుకోవడం మన ఇష్టం. నలుగురితో కలిసి ఎక్కినప్పుడు వారి విశ్రాంతి, వారి నమ్మకాలు వారికుంటాయి. మైకు పెట్టి అందరి చెవులు హోరెత్తించడం మర్యాద కాదు. తిన్న విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు గోదావరిలో వేయకండి. కింద పల్లెలవారు ఆ నీళ్ళే తాగుతారు. వంట చేసేవారిని, గ్లాసులు కడిగే కుర్రవాళ్ళను “ఏరా” అని పిలవకండి. ఆపద వస్తే మన చేయి పట్టుకుని లాగేది వారే.

పెద్ద ఓడ ఎక్కేవారికి మరి రెండు మాటలు. భోజనశాలలో ఎంతయినా పెట్టుకోవచ్చని పళ్ళెం నింపి పారవేయడం, కుర్చీల మీద తువ్వాళ్ళు వేసి గంటల తరబడి ఎవరినీ కూర్చోనీయకపోవడం, రాత్రివేళ నడవలలో కేకలు వేయడం - ఓడలలో తరచుగా వినబడే ఫిర్యాదులు ఇవే. చేతులు కడుక్కోవడంలో అశ్రద్ధ వద్దు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిపివేసిన ‘డైమండ్ ప్రిన్సెస్’ ఓడలో 3,711 మంది ఉండగా ఏడు వందల మందికి పైగా కరోనా సోకింది. ఓడలో ఒకరి జబ్బు అందరి జబ్బు.

ఇంకొక మాట. ఓడ ఎక్కగానే ఆపద వస్తే ఎక్కడ నిలబడాలో చూపించే అభ్యాసం ఒకటి ఉంటుంది. చాలామంది విసుక్కుంటారు. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో ‘కోస్టా కాంకార్డియా’ బండకు తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన కొన్ని వందలమందికి అప్పటికి ఆ అభ్యాసమే జరగలేదు. 24 గంటలలోగా జరిపితే చాలునన్నది అప్పటి నియమం. ఆ తరువాత నియమం మార్చారు. 2015 నుండి ఓడ కదలక ముందో, కదిలిన వెంటనో జరపాలి. ప్రయాణికులు ఓడలో ఉండగానే దిగిపోయిన ఆ కెప్టెనుకు ఇటలీ కోర్టు పదహారేళ్ళ శిక్ష వేసింది.

సరుకు పోయినా ప్రాణాలు మిగలాలి

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మన ఇళ్ళలో అందరూ చదివినదే. ఈసారి ప్రయాణికుని కళ్ళతో చదివి చూడండి. కాలం మంచిది కాదు, ఆగుదామని పౌలు చెప్పాడు. శతాధిపతి ఆ మాట వినక నావ నడిపేవాని మాట, నావ యజమాని మాట నమ్మాడు. రేవు వసతిగా లేదని ఎక్కువమంది కూడా బయలుదేరడానికే మొగ్గారు. తుఫానులో సరుకు పోయింది, సామగ్రి పోయింది, చివరకు నావ కూడా పోయింది. నావికులు చిన్న పడవ దించుకుని తాము తప్పించుకోవాలని చూస్తే పౌలు దానిని బయటపెట్టాడు. ఆ 276 మందీ ప్రాణాలతో ఒడ్డుకు చేరారు.

ఎక్కువమంది వెళదామన్నంత మాత్రాన అది సురక్షితం కాదని ఆ అధ్యాయం చెబుతున్నది. గుంపులో ఒక్కరైనా “ఆగుదాం” అనగలగాలి. ఆ ఒక్కరిని పిరికివాడని నవ్వకుండా వినే గుణం మిగతావారికి ఉండాలి.

ఇక ఉత్తరం వ్రాసిన కుటుంబాలకు మా జవాబు. ఆ రోజు మీరు పట్టుబట్టకపోవడం మంచి పని. అందుకు బాధపడకండి, బాధపడేవారికి ఈ పుట చదివి వినిపించండి. మీ రసీదు ఒకసారి తీసి చూడండి. వరద గురించి షరతు ఏదీ లేకపోతే పైన వ్రాసిన ఉత్తరం ఈ వారమే పంపండి. షరతు ఉన్నా పంపండి. అది న్యాయమైనదో కాదో 1915 వారిని అడగండి. మంచి కాలంలో మరొక తేదీకి వెళ్ళడానికి మీలో ఎక్కువమందికి ఇష్టమైతే, ఆ తేదీని, బోటును, మళ్ళీ ఆగితే డబ్బు తిరిగి ఇస్తామన్న మాటను కాగితం మీద వ్రాయించుకుని వెళ్ళండి. డబ్బు ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో సంఘంలో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. వాపసు వచ్చిన రోజు ఎవరిది వారికి లెక్క తేలాలి గదా. ఇరవై వేలు కూలివారికి చిన్న మొత్తం కాదు, వదులుకోవద్దు. అయినా అది ఉత్తరం వ్రాసి, ఓపికగా తిరిగి రాబట్టుకోగలిగిన సొమ్ము.